ఎర్ర పొర కింద

ఫెవ్రోనియా మెడలోని వెండి సిలువ మార్చి నెలంతా నల్లగానే ఉంటుంది. పొద్దున్నే పళ్ళపొడితో రుద్ది, మెరిసేలా చేసుకుని బయల్దేరుతుంది. మధ్యాహ్నం టీ వేళకు అది మళ్ళీ బొగ్గుముక్కలా తయారవుతుంది. గడ్డకట్టిన పాయ మీది మంచుకు కన్నం తొలిచి అడుగు నీళ్ళు పైకి తీసినప్పుడు వచ్చే గాలి చేసే పని అది. కుళ్ళిన గుడ్డు కంపు. వెండికే కాదు, కోటు మీది ఇత్తడి బొత్తాలకూ అదే గతి.

ఆమెను ఫెన్యా అని పిలిచే పొరుగింటి ఎవ్లాంపి తన వాకిట్లో మంచు ఎత్తిపోస్తూ రోజూ ఆమె మెడ వంక చూస్తాడు.

“ఏం ఫెన్యా, ఇవాళ కూడా దయ్యంతో కూచుని టీ తాగొచ్చావా?”

“తాగొచ్చా. నిన్నే అడిగాడు. ఆ ముసలాడు ఇంకా ఎప్పుడొస్తాడూ అని.”

“చెప్పు, వల బాగుచేసుకుంటున్నాడు, తీరిక లేదని.”

ఫెవ్రోనియాకు యాభై దాటి చాలా ఏళ్ళయింది. తమ ఊరు వర్లామొవోలో పోస్టాఫీసు ఉన్నన్నాళ్ళూ ఉత్తరాలు పంచింది. అది మూతపడ్డాక మంచు బండి నడపడం నేర్చుకుంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. చలికాలం చివర్లో అవతలి ఒడ్డున ఉన్న పరిశోధన కేంద్రం వాళ్ళు వస్తే వాళ్ళ సామాన్లు లాగి, మంచు తొలిచి, చేపల పులుసు కాచి పెడుతుంది. వాళ్ళు వచ్చేది ఊరి వెనకున్న సముద్రపు పాయ కోసం.

అది ఇప్పుడు పాయ కాదు, సరస్సు. ఈ తీరంలో నేల ఏటా పిసరంత పైకి లేస్తూనే ఉంటుంది. ఆమె ముత్తాత పడవ కట్టేసుకున్న ఇనుప కడియం ఇప్పుడు ఎర్రపళ్ళ పొదల్లో, బండరాయికి వేలాడుతోంది. పాయ నోటి దగ్గరి రాళ్ళు కూడా అలాగే లేచాయి. ఒకప్పుడు పడవలు దూసుకొచ్చిన దారిలో ఇవాళ గొర్రెలు మేస్తాయి. లోపల చిక్కిన ఉప్పునీళ్ళు లోపలే ఉండిపోయాయి. వాటి మీద వాగునీళ్ళు, కరిగిన మంచు చేరి తేలిక నీటి దుప్పటి కప్పాయి. ఇదంతా జరిగి చాలాకాలమైనా ఊళ్ళో ఎవరూ దాన్ని సరస్సుగా లెక్కవేయలేదు. సముద్రం తాలూకు ముక్కగానే చూశారు. ఫెవ్రోనియా కూడా అంతే, ఆ సీసా చూసేదాకా.

ఆ సాయంత్రం ఒడ్డున ఉన్న చెక్క గుడిసెలో ఆమె, రిమ్మా ఇద్దరే ఉన్నారు. రిమ్మా మాస్కో నుంచి వచ్చిన పరిశోధకురాలు. నలభై లోపు మనిషి, నవ్వితే గుడిసె అదురుతుంది. రెండు నిలువుల లోతునుంచి తీసిన నీళ్ళు ఒక గాజు సీసాలో పోసి కిటికీ దగ్గర పెట్టింది. బీట్‌రూట్ ఉడికించిన నీళ్ళలా ఉన్నాయవి. ఫెవ్రోనియా పొయ్యి మీద బంగాళదుంప రొట్టెలు తిప్పి, వెనక్కి తిరిగేసరికి సీసాలో సగం తేరుకుని ఉంది. ఎరుపంతా కిటికీ వైపు గాజుకు అంటుకుపోయి ఉంది, బయటికి తొంగిచూసే జనంలా.

“అమ్మాయ్, దీన్ని ఎవరైనా తిప్పారా?”

“ఎవరు తిప్పుతారత్తా, మనిద్దరమేగా! వెలుతురు వైపు వెళ్ళారు వాళ్ళు.”

“ఎవరు వాళ్ళు?”

“ప్రాణులు. ఒక్కొక్కటీ కంటికి ఆనదు. ఈ సీసాలో మాస్కో జనం కన్నా ఎక్కువ ఉంటారు.” రిమ్మా కిరసనాయిలు దీపం వెలిగించి సీసాకు రెండో పక్కన పెట్టింది. “రొట్టె తిను. తిని చూడు.”

రొట్టె తినడం అయ్యేలోగా కిటికీలో చీకటి పడింది. ఎరుపు సీసా మధ్యకు వచ్చింది, మబ్బులా కదిలింది, దీపం వైపు చేరి ఆగింది. చప్పుడు లేదు. నీళ్ళు కదల్లేదు. ఫెవ్రోనియా తన కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకుంది.

“ఇవి ఇక్కడే ఎందుకుంటాయి, పైన ఉండొచ్చుగా?”

“వీళ్ళకి పైనుంచి వెలుతురు కావాలి. కిందనుంచి ఆ కంపు కావాలి. రెండూ దొరికే చోటు అరచెయ్యంత మందం. అక్కడే కాపురం. కింద నీళ్ళు ఒక్కసారి గట్టిగా కదిలి పైవాటితో కలిస్తే వీళ్ళ పని అయిపోయినట్టే. ఈ ఎర్ర పొర చెక్కుచెదరకుండా ఉందంటే, దానికింద నీళ్ళు అసలు కదల్లేదన్నమాట.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“నేను పుట్టక ముందు నుంచి. మా గురువుగారి గురువు వచ్చినప్పటికే ఇది మూతేసిన జాడీ.”

ఫెవ్రోనియా చేతిలోని రొట్టె పళ్ళెంలో పెట్టేసింది.

“అయితే, అందులో ఏదన్నా పడితే? సముద్రంలోకి పోదా?”

“ఎక్కడికీ పోదత్తా. అడుక్కి చేరితే అక్కడే. అక్కడ కుళ్ళబెట్టడానిక్కూడా ఎవరూ సరిగ్గా ఉండరు.”

రిమ్మా ఈ మాట మామూలుగా అంది. ఫెవ్రోనియా ఆ రాత్రి గుడిసెలో పడుకోలేదు. మంచు బండి వేసుకుని ఇంటికెళ్ళిపోయింది.

ఆమెకు ఒక అన్న ఉండేవాడు. పేరు సవ్వాతి. ఆమెకు పదమూడేళ్ళప్పుడు అతనికి పంతొమ్మిది. మార్చిలో ఒక మబ్బు పట్టిన ఉదయం, చేపల సంఘం వారి ఎర్ర ఆడగుర్రం రీజుఖాను ఇంటి బండికి కట్టి, పాయకు అవతల ఉన్న పచ్చికబీళ్ళ నుంచి ఎండుగడ్డి తేవడానికి వెళ్ళాడు. మధ్యాహ్నానికి మంచుతుపాను లేచింది. మూడోనాటికి తగ్గింది. సవ్వాతి లేడు, గుర్రం లేదు, ఖాళీ బండి కూడా లేదు. మంచు మీద కన్నమేదీ కనపడలేదు. ఉన్నా అది మళ్ళీ గడ్డకట్టి, దానిమీద మనిషెత్తు మంచు కురిసి ఉంటుంది.

వర్లామొవోలో ఇలాంటి వాటికి ఒక పద్ధతి ఉంది. పాయలో మునిగిందేదైనా పోటుపాట్లతో తిరిగి తిరిగి, నీళ్ళలోకి పొడుచుకొచ్చిన సిలువ మొన దగ్గర ఒడ్డుకు చేరుతుంది. మనిషి, తెడ్డు, టోపీ, ఏదైనా సరే. తాతల నాటి నుంచీ అంతే. అందుకని ఎవరూ నీళ్ళలో వెతకరు. వెతకడం సముద్రాన్ని తొందరపెట్టడం. ఆ మొన దగ్గర పాత మొక్కుబడి సిలువ కింద ఇంటివాళ్ళు వేసవంతా కాపు కాస్తారు. సవ్వాతి తల్లి కూడా మొదటి మంచు పడేదాకా కాచింది. చేతిజోడు కూడా రాలేదు.

రాలేదు కనక మునగలేదు. ఊరు అలా లెక్క వేసింది. దానికి తోడు ఎవ్లాంపి సాక్ష్యం ఒకటి. అతను సవ్వాతికి ప్రాణస్నేహితుడు. తుపాను వెలిసిన మర్నాడు కందలాక్ష స్టేషన్‌లో కదులుతున్న రైలు కిటికీలో సవ్వాతిని చూశానన్నాడు. చేతిజోడు వేసుకున్న చెయ్యెత్తి ఊపాడన్నాడు. ఎవ్లాంపి అబద్ధం ఆడే రకం కాదు. ఆ సంగతే కొంప ముంచింది.

గుర్రాన్ని అమ్ముకుని పారిపోయాడన్నారు. తండ్రి చేపల సంఘం పడవకు పెద్దగా ఉండేవాడు, ఆ వసంతంలో అతన్ని దింపేసి వేరే వాడిని పెట్టారు. బడిలో ఫెవ్రోనియా పేరు గుర్రందొంగ చెల్లెలు. తల్లి మాత్రం కొడుకు బతికున్నాడన్న మాటను పట్టుకుని వేలాడింది. బతికున్నవాళ్ళ కోసం కొవ్వొత్తి సెయింట్ నికొలా బొమ్మ ముందు వెలిగిస్తారు. పోయినవాళ్ళ కోసం గోడవారగా ఉన్న పొట్టి బల్ల మీద. తల్లి సవ్వాతి కొవ్వొత్తిని నికొలా ముందే పెట్టింది, పోయేదాకా. పోయేముందు కూతురితో ఒకటే మాట అంది. “తెలిసేదాకా జరపొద్దు.”

నలభై ఏళ్ళు దాటినా ఫెవ్రోనియా జరపలేదు. బతికున్న అన్న కోసం వెలిగించిన ప్రతిసారీ అతను దొంగ. జరిపితే, తల్లి మాట జవదాటినట్టు. శనివారం చర్చిలో కొవ్వొత్తి పట్టుకుని నికొలా బొమ్మకూ పొట్టి బల్లకూ మధ్య ఆగి, మళ్ళీ నికొలా ముందే పెట్టేది.

మర్నాడు పొద్దున్నే రిమ్మాను అడిగింది.

“ఇవాళ తొలిచే కన్నాల్లో ఒకటి వాగు కలిసే చోట తొలుద్దామా?”

“అక్కడ మంచు పల్చన అని నువ్వేగా కిందటేడు నన్ను తిట్టావ్?”

“గునపంతో చూసుకుంటూ పోదాం. తుపానులో దారి తప్పినోడు అటే పోతాడు. ఏటవాలు అటే ఉంది, గుర్రం అటే లాగుతుంది.”

రిమ్మాకు ఊరి కథ సగం తెలుసు. గునపం తీసి ఆమె చేతికిచ్చింది.

వాగు నోటికి కొంచెం ఇవతల తొలిచారు. రిమ్మా బురద తీసే ఇనుప గొట్టాన్ని తాడుకు కట్టి దించింది. మూడు నిలువుల దగ్గర మెత్తగా దిగబడింది. పైకి లాగి బురదను రేకు పళ్ళెంలోకి తోసింది. కాటుకలా నల్లని బురద, నెయ్యిలా నున్నగా ఉంది. కంపుకి ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు. మళ్ళీ తిరిగి చూస్తే ఆ నలుపులో సన్నటి దారాలు. రిమ్మా పట్టకారుతో ఒకటి లాగి, నీళ్ళలో జాడించింది.

నారింజ రంగు. మూరెడు పొడుగు. నిన్న దువ్వినట్టున్న గుర్రపు జూలు వెంట్రుక.

“నక్క బొచ్చేమో...” అంది రిమ్మా, తనకే నమ్మకం లేని గొంతుతో.

“నక్కకి మూరెడు జూలుంటుందా అమ్మాయ్?”

ఆ మధ్యాహ్నం ఫెవ్రోనియా ఎవ్లాంపి ఇంటికి వెళ్ళింది. ముసలాడు పొయ్యి పక్కన వల అల్లుతున్నాడు.

“అన్నా, నీ పాతాళగరిగె కావాలి.”

“వల పోయిందా?”

“వల కాదు.”

ఎవ్లాంపి చేతిలో వలకండె ఆగింది. మునిగిన వలల్ని పట్టి లాగే కొక్కేల గుత్తి అది. మనిషి కోసం దించితే దాన్ని మళ్ళీ వల కోసం వాడరు. ఆ తర్వాత అది దేనికీ పనికిరాదు, పారెయ్యాల్సిందే. ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు.

“నీకు మతి పోయింది ఫెన్యా. ఆ సీసాల పిల్లతో తిరిగి తిరిగి నీళ్ళ గాలి తలకెక్కింది. వాడు రైలెక్కాడు. ఈ కళ్ళతో చూశా.”

“చూశావు. కాదన్నానా?”

“మరి?”

ఆమె జేబులోంచి గుడ్డ తీసి, మడత విప్పి, వెంట్రుక చూపించింది. అతను దాన్ని ముట్టుకోలేదు.

“ప్రపంచంలో ఎర్రగుర్రం రీజుఖా ఒక్కటేనా?”

“అందుకే గరిగె అడుగుతున్నా.”

“ఇవ్వను,” అన్నాడు. వలకండె పక్కన పెట్టి, “నేనే తెస్తా. ఒక్కదానివీ లాగలేవు. ఊరికే తిరిగొచ్చాక ఈ చాదస్తం కట్టిపెడతావా?”

“కట్టిపెడతా.”

మర్నాడు గాలి లేదు, ఎండ తెల్లగా ఉంది. మంచురంపంతో తలుపంత కన్నం కోశారు. రిమ్మా ఒక పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె చలికాలమంతా కొలవడానికి వచ్చిన పొరను వీళ్ళు కెలకబోతున్నారు.

“నా వాళ్ళు చెదిరిపోతారత్తా. మళ్ళీ కుదురుకుంటారో లేదో నాకూ తెలీదు.”

“వద్దంటావా?”

“వద్దంటే వింటావా?”

“వినను.”

“మరెందుకు అడగడం! గాలికి ఎదురుగా నిలబడండి. తల తిరిగితే వెంటనే వెనక్కి రావాలి, ఇద్దరూ.”

ఎవ్లాంపి గరిగె మీద సిలువ గుర్తు వేసి నీళ్ళలోకి వదిలాడు. మొదట ఏమీ తగల్లేదు. తాడు కొంచెం జరిపి మళ్ళీ. నాలుగో విడత దేన్నో పట్టుకుంది. రాయిలా కాదు. లాగితే కొంచెం వస్తోంది, వదిలితే మెల్లగా వెనక్కి పోతోంది.

“దుంగ,” అన్నాడు ఎవ్లాంపి.

“లాగు.”

తాడు మొదట తెల్లగా వచ్చింది. తర్వాత ఎర్రగా. ఆ తర్వాత నల్లగా. కన్నంలో నీళ్ళు కూడా కిందనుంచి ఎర్రబడుతూ వచ్చాయి. తాడు నుంచి కారిన ఎర్రచుక్కలు మంచు మీద పడి అక్కడికక్కడే గడ్డకట్టాయి. పందిని కోసిన వాకిలిలా అయింది చుట్టూ. అప్పుడు కంపు వచ్చింది. ఎవ్లాంపి దగ్గాడు, తాడు మాత్రం వదల్లేదు.

నీటి మట్టానికి ముందుగా వచ్చింది ఒక వంపు. బండి రెండు నొగలను కలుపుతూ గుర్రం మెడ మీద విల్లులా నిలబడే కొయ్య అది. కొయ్య గట్టిగా ఉంది. తోలుపట్టీ ఊడలేదు. నడినెత్తిన వేలాడే గంట నిండా బురద కూరుకుని, ఊగినా మోగలేదు. పట్టీకి అవతల ఇంకా ఏదో బరువుంది. రిమ్మా కూడా వచ్చి ముగ్గురూ కలిసి లాగినా అది జానెడు కూడా పైకి రాలేదు. నీళ్ళలో, ఎరుపు పలచబడిన చోట, నారింజ రంగు జూలు పరుచుకుని మెల్లగా ఊగుతోంది, ఎవరో దువ్వుతున్నట్టు.

రిమ్మా గొంతు పెంచింది. “చాలు. గాలి మారుతోంది. వెనక్కి రండి.”

ఎవ్లాంపి మొలలో కత్తి తీసి పట్టీ కోశాడు. అవతలి బరువు ఒక్క క్షణం అక్కడే ఆగి, తనంతట తాను కిందికి జారిపోయింది.

విల్లుకొయ్యను మంచు మీద పెట్టి ఫెవ్రోనియా చేతిజోడుతో తుడిచింది. ఎర్ర పూలు, నీలి తీగ, రంగు చెడకుండా బయటపడ్డాయి. పూల మధ్య ఒకదానికొకటి ఎదురుగా రెండు పక్షులు. వాటిని ఆమె తండ్రి గీశాడు. ఊళ్ళో ఏ ఇంటి విల్లుకొయ్య మీదైనా బొమ్మ ఉంటుంది. ఎదురుబొదురు పక్షులు మాత్రం వాళ్ళ ఇంటివే. వాటికి జతగా గీసిన రెండో కొయ్య ఇప్పటికీ ఆమె పశువుల సాలలో వేలాడుతోంది. దానిమీద పక్షులు తెల్లగా ఉంటాయి.

ఇవి నల్లగా ఉన్నాయి. బురద అనుకుని ఆమె గట్టిగా రుద్దింది. పోలేదు. ఈకలు, ముక్కు, కన్ను అన్నీ ఉన్నాయి. అంతా నలుపు.

“తెల్లరంగులో సీసం కలిపేవాళ్ళు అప్పట్లో,” అంది రిమ్మా మెల్లగా. “ఈ గాలికి అదీ నల్లబడుతుంది, నీ సిలువ లాగే.”

ఫెవ్రోనియా తలూపింది. తన మెడ తడుముకుంది.

ఎవ్లాంపి కన్నం అంచున అలాగే నిలబడి ఉన్నాడు. చేతిలో కోసిన పట్టీ ముక్క ఉంది. నీళ్ళు అప్పటికే మళ్ళీ నిశ్చలమయ్యాయి, ఎరుపు వాటిలో పొగలా కిందికి దిగుతోంది.

“ఫెన్యా.”

“ఊఁ.”

“అయితే నేను చూసిందెవర్ని?”

ఫెవ్రోనియా విల్లుకొయ్యను భుజానికెత్తుకుంది.

“చెయ్యెత్తాడే. నా వంకే చూశాడే. మీ అమ్మ అల్లిన చేతిజోడు, అంచుకి ఎర్ర గీత. అది నాకు తెలీదా?”

“అన్నా, పద. చలి పెరుగుతోంది.”

“నవ్వాడు కూడాను.”

కందలాక్ష నుంచి పోలీసు వచ్చి, కన్నం చూసి, ముక్కు మూసుకుని వెళ్ళాడు. ఆ నీళ్ళలోకి మనిషిని దించేది లేదని గజ ఈతగాళ్ళు చెప్పేశారు. వేసవిలో చూద్దామన్నారు. ఫెవ్రోనియా వద్దంది. చర్చి ఫాదర్ మంచు మీదికి వచ్చి కన్నం పక్కనే చదవాల్సినవి చదివాడు. ధూపం పొగ ఆ కంపులో కలిసి కొత్త వాసన పుట్టింది, కొందరు ముసలమ్మలు దూరంగా జరిగారు. వచ్చినవాళ్ళలో బడిలో ఆమెను గుర్రందొంగ చెల్లెలన్నవాళ్ళూ ఉన్నారు. ఒకామె దగ్గరికొచ్చి, “చేపల రొట్టె చేశాను, ఇంటికి పంపిస్తా,” అంది. ఫెవ్రోనియా విల్లుకొయ్యను ఇంటికి తీసుకెళ్ళి సాలలో రెండోదాని పక్కన తగిలించింది. ఒక జత తెల్లవి, ఒక జత నల్లవి. గంటలో బురద కడిగితే అది మోగింది. వెంటనే చేత్తో ఆపేసింది.

ఎవ్లాంపి తన పాతాళగరిగెను ఎవరికీ చెప్పకుండా ఆ కన్నంలోనే వదిలేశాడు.

శనివారం చర్చిలో ఆమె కొవ్వొత్తి పట్టుకుని నేరుగా గోడవార పొట్టి బల్ల దగ్గరికి వెళ్ళింది. తల్లికి పెట్టిన కొవ్వొత్తి పక్కన పెట్టి వెలిగించింది. వెనక్కి తిరిగి చూస్తే, నికొలా బొమ్మ ముందు, ఇన్నేళ్ళూ తను పెట్టిన చోటనే ఒక కొవ్వొత్తి వెలుగుతోంది. పక్కన ఎవ్లాంపి టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“అన్నా, ఇది ఎవరికి?”

“నీది నువ్వు పెట్టావుగా,” అన్నాడు అతను, ఆమె వైపు చూడకుండా. “నేను చూసినోడికి నేను పెడుతున్నా. వాడెవడో, ఎక్కడ దిగాడో.”

ఆమె వద్దనలేదు. దాని వైపు చూడకుండా బయటికి నడిచింది.

సోమవారం మళ్ళీ పని. రిమ్మా అదే కన్నంలో తాడు దించి జానెడుకొక సీసా చొప్పున నీళ్ళు తీసింది. ఫెవ్రోనియా ఒక్కొక్కటీ అందుకుని ఎండకు ఎదురుగా పట్టి చూసింది. తేట, తేట, తేట. తర్వాత బీట్‌రూట్ రంగు. ఎర్ర పొర రెండు నిలువుల లోతున, పాత చోటనే ఉంది.